నమూనా ఆవిరి యంత్రాల తుదిమెరుగు, రంగుపూత

నమూనా ఆవిరి యంత్రాన్ని కట్టేటప్పుడు విడిభాగాలను శుభ్రం చేయడం, నునుపు చేయడం, కొన్నిటికి మెరుగు పెట్టడం, కొన్నిటికి రంగు వేయడం, మిగిలినవాటికి తుప్పు పట్టకుండా రక్షణ కల్పించడం వంటి పనులన్నిటినీ కలిపి తుదిమెరుగు అంటారు. రంగుపూత ఇందులో ఒక భాగం. పోత భాగాన్ని ఆకురాయితో సరిచేయడంతో మొదలయ్యే ఈ పని, సన్నని గీతలు గీసి యంత్రాన్ని తిరిగి బిగించేదాకా సాగుతుంది.

పరిధి

నమూనా ఆవిరి యంత్రాలు స్థూలంగా నాలుగు రకాలు: మిల్లులను నడిపిన స్థిర యంత్రాలు, ఓడ యంత్రాలు, రైలు ఇంజన్లు, రోడ్డు మీద నడిచే ట్రాక్షన్ ఇంజన్లు. నాలుగింటికీ తుదిమెరుగు సూత్రాలు ఒకటే. యంత్రంలోని ప్రతి ముఖాన్నీ మూడింటిలో ఒక తరగతిలో చేర్చుకోవాలి. ఒకదానిపై ఒకటి జారే, తిరిగే ముఖాలూ, ఆవిరి బయటికి పోకుండా అతుక్కోవలసిన ముఖాలూ మొదటి తరగతి. వీటికి కచ్చితమైన కొలత కావాలి, రంగు తగలకూడదు. కంటికి కనిపిస్తూ లోహంగానే మెరవవలసినవి రెండో తరగతి. గాలికీ తేమకూ గురయ్యే మిగతా పోత భాగాలు, రేకులు మూడోది. రంగు వీటికే. ఏ ముఖం ఏ తరగతిదో ముందే తేల్చుకోవడంపైనే తక్కిన పనంతా ఆధారపడుతుంది.

చరిత్ర

తొలినాటి నమూనాలు ప్రదర్శన కోసం కాక ప్రయోగం కోసం, బోధన కోసం పుట్టాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలోని న్యూకొమెన్ యంత్రపు నమూనాను జేమ్స్ వాట్ 1763–64లో బాగుచేశాడు. ఆవిరి వృథాపై అతని ఆలోచనలకు అదే దారి తీసింది. ఆ నమూనా నేటికీ గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియంలో ఉంది. విలియం మర్డాక్ 1784లో రోడ్డుపై నడిచే ఆవిరి బండి నమూనా చేశాడు. ఇటువంటివాటిలో పైమెరుగుకన్నా పనితీరే ముఖ్యం.

19వ శతాబ్దిలో బోధనశాలల కోసం, ధనికుల ఇళ్ల కోసం ఇత్తడి నమూనాలు వచ్చాయి. ఇత్తడికి మెరుగు పెట్టి, నల్లబడకుండా లక్కతో చేసిన పారదర్శక వార్నిష్ పూసేవారు. విక్టోరియా కాలపు ఇంగ్లండులో పిల్లలు నేలమీద నడిపిన చిన్న ఇత్తడి రైలింజన్లకు రంగు ఉండేది కాదు. దారిపొడుగునా నీటి బొట్లు రాల్చేవి కాబట్టి వాటికి ‘డ్రిబ్లర్లు’ అనే పేరు వచ్చింది. వాటిపై పూసిన లక్క భారతదేశానికి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేదీ లక్కే. అయితే అక్కడ తరిమెన మీద తిరిగే కర్రకు లక్క కడ్డీని ఒత్తి, రాపిడి వేడికి కరిగించి పట్టిస్తారు. ఇత్తడి యంత్రాలకు మాత్రం శుద్ధి చేసిన లక్కను ఆల్కహాలులో కరిగించి, కాస్త వెచ్చబెట్టిన లోహంపై బ్రష్షుతో పూస్తారు.

19వ శతాబ్ది చివర జర్మనీలో మేర్క్‌లిన్, బింగ్ వంటి సంస్థలు రేకు బొమ్మ యంత్రాలను పెద్ద ఎత్తున తయారుచేశాయి. లండన్‌లో పెర్సివల్ మార్షల్ 1898లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రికను ప్రారంభించడంతో ఇంటి వర్క్‌షాపులో యంత్రాలు కట్టే అభిరుచికి ఒక వేదిక దొరికింది. ఆ పత్రిక పేరిట ప్రదర్శనలు 1907లో మొదలయ్యాయి. పోటీలో పక్కపక్కనే నిలిచిన యంత్రాలను పోల్చి చూసే అవకాశం రావడంతో తుదిమెరుగుకు ప్రమాణాలు ఏర్పడ్డాయి.

రంగు పదార్థాల్లో పెద్ద మార్పు 1920లలో వచ్చింది. అప్పటిదాకా గుర్రపు బగ్గీలకు వాడే నూనె రంగులు, వార్నిష్‌లే ఆధారం. ఒక్కొక్క పొర ఆరడానికి రోజులు పట్టేది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ రంగు నిమిషాల్లో ఆరింది. కార్లకు వేసే రంగును భారతదేశపు షెడ్లలో నేటికీ డ్యూకో అనడం ఆ పేరు మిగిల్చిన గుర్తు. ఆపై ఆల్కిడ్ ఎనామెళ్లు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఎపాక్సీ, పాలియురెథేన్ రంగులు వచ్చాయి. అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ 1949లో స్ప్రే డబ్బా రంగును రూపొందించాక కంప్రెసర్ లేనివారికీ స్ప్రే పూత అందుబాటులోకి వచ్చింది.

పోత భాగాల సవరణ

పోత ఇనుము భాగం అచ్చులోంచి వచ్చినప్పుడు దానిపై ఇసుక రేణువులు, అచ్చు రెండు సగాలు కలిసినచోట ఏర్పడిన గట్టు, లోహం పోసిన చోట మిగిలిన మోడు ఉంటాయి. పైపొర లోపలి లోహంకన్నా గట్టిది, ఇసుక కలిసినది. కొత్త ఆకురాయిని నేరుగా దానిపై నడిపితే పళ్లు మొద్దుబారతాయి. అందుకే పైపొర తీయడానికి పాత ఆకురాయి వాడి, కొత్తదాన్ని లోపలి శుభ్రమైన లోహానికి దాచుకుంటారు. మూలలు, చక్రపు ఆకుల మధ్య సందులు వంటి చోట్లకు గుండ్రటి సన్న ఆకురాళ్లు అవసరం.

నిజమైన యంత్రాల పోతలను కూడా పెయింటర్లు నునుపు చేసి, గుంటలు పూడ్చి రంగు వేసేవారు. చిన్న నమూనాలో ఈ పని మరింత అవసరం. నిజమైన యంత్రంలో కంటికి ఆనని గరుకుదనం పన్నెండో వంతు నమూనాపై అలాగే ఉంటే రాళ్ల గుట్టలా కనిపిస్తుంది. గుంటలను కారు బాడీలకు వాడే పాలియెస్టర్ లప్పంతో పూడుస్తారు. లప్పం గట్టిపడ్డాక వాటర్‌పేపరును చదునైన చెక్కకు చుట్టి రుద్దాలి. వేలితో రుద్దితే మెత్తని లప్పం ఎక్కువ అరిగి గుంట మళ్లీ పడుతుంది. ఆవిరి వేడి నేరుగా తగిలే సిలిండర్ల వంటి చోట్ల లప్పం వాడకం తగ్గించి, లోహాన్నే ఆకురాయితో చదును చేయడం మంచిది.

లోహాన్ని నునుపు చేయడం

రంగు వేయని భాగాలకు ఆకురాయి తర్వాత ఎమరీ కాగితాలు వస్తాయి. సాధారణ క్రమం 180, 240, 400, 600 గరుకులు, అవసరమైతే 1000. ఒక్కొక్క కాగితాన్ని ముందుదానికి అడ్డంగా నడపాలి. ముందు గీతలు పూర్తిగా మాయమయ్యేదాకా తర్వాతి కాగితానికి వెళ్లకూడదు. చివరి కాగితం గీతలు భాగం పొడుగునా ఒకే దిక్కులో ఉండాలి. ఆకురాయిని అడ్డంగా రెండు చేతులతో పట్టి భాగం పొడుగునా లాగితే, కనెక్టింగ్ రాడ్ వంటి పొడవాటి భాగాలకు చదునైన, ఒకే తీరు మెరుపు వస్తుంది. ఆకురాయి పళ్ల మధ్య లోహపు పొడి ఇరుక్కుని గీతలు పడకుండా పళ్లకు ముందే సుద్ద రాస్తారు.

ఇత్తడి, కంచు భాగాలకు బ్రాసో వంటి మెరుగు ద్రవాలు వాడతారు. ఇంట్లో ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే తెల్లబడేది పులుపులోని ఆమ్లం నల్లటి ఆక్సైడును కరిగించడం వల్లనే. యంత్ర భాగాలనూ ఇలా ఆమ్లంతో శుభ్రం చేయవచ్చు. అయితే ఆమ్లం సందుల్లో మిగిలితే పచ్చటి చిలుము పడుతుంది కాబట్టి కడగడం, ఆరబెట్టడం పూర్తిగా జరగాలి.

మెరుగు చక్రానికి ఒక హద్దు ఉంది. మెత్తని గుడ్డ చక్రం అంచులను గుండ్రం చేస్తుంది, రంధ్రాల నోళ్లను సాగదీస్తుంది. పదునైన అంచు, చదునైన ముఖం మంచి పనికి గుర్తులు. అవి పోతే ఎంత అద్దంలా మెరిసినా ఆ భాగం బొమ్మలా కనిపిస్తుంది. నిజమైన మిల్లు యంత్రాల్లోనూ పని ముఖాలకు సన్నని గీతల మెరుపే ఉండేది.

స్లైడ్ వాల్వు ముఖం, అది కూర్చునే ఆవిరి రంధ్రాల ముఖం కంటికి మెరవనవసరం లేదు, పూర్తిగా చదునుగా ఉండాలి. వీటిని సర్ఫేస్ ప్లేట్ మీద నీలిరంగు పూసి సరిచూస్తారు. నీలం అంటిన ఎత్తులను గీకుడు పనిముట్టుతో తీస్తూ, రంగు ముఖమంతా సమానంగా అంటేదాకా ఈ పని సాగుతుంది.

వేడి, రసాయన పద్ధతులు

మెరుగుపెట్టిన ఉక్కును గాలిలో వేడిచేస్తే పైన సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడి రంగులు మారుతుంది. సుమారు 220 డిగ్రీల సెల్సియస్ వద్ద లేత ఎండుగడ్డి రంగు, 260 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర ముదురు నీలం వస్తాయి. గడియారపు సూదుల నీలం ఇదే. స్క్రూలు, నట్లు, చిన్న పిన్నులకు ఈ నీలం వేస్తారు. వేడి సమంగా అందేందుకు భాగాన్ని ఇత్తడి రజను పరిచిన పళ్లెంలో కూర్చోబెట్టి కింద మంట పెడతారు. కోరిన రంగు రాగానే తీసి చల్లార్చాలి. ముందు మెరుగు ఎంత శుభ్రంగా ఉంటే నీలం అంత సమంగా వస్తుంది. వేలిముద్ర కూడా మచ్చగా తేలుతుంది.

నల్లదనం కావాలంటే ఉక్కును వేడిచేసి నూనెలో ముంచడం పాత పద్ధతి. చల్లగానే పనిచేసే నల్లబరిచే ద్రావణాలు కూడా దొరుకుతాయి. ఏది వాడినా పైన నూనె పొర నిలపకపోతే తుప్పు ఆగదు.

వెండి టంకంతో అతికిన రాగి, ఇత్తడి భాగాలపై నల్లటి పొర, గాజులా గట్టిపడిన టంకం మందు మిగులుతాయి. వీటిని సజల గంధకామ్లంలో గానీ, నిమ్మ ఉప్పు కరిగించిన వేడినీటిలో గానీ నానబెట్టి తీస్తారు. నిమ్మ ఉప్పు నెమ్మదిగా పనిచేస్తుంది, కానీ ఇంటి వర్క్‌షాపుకు అదే క్షేమం. (చూడండి: భద్రత)

రంగు పదార్థాలు

సింథటిక్ ఎనామెల్: హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే ఆల్కిడ్ రంగు. బ్రష్షుకు బాగా లొంగుతుంది, బ్రష్షు గీతలు వాటంతటవే సర్దుకుంటాయి, నూనెను తట్టుకుంటుంది. చేతికి అంటకుండా ఆరడానికి గంటలు, పూర్తిగా గట్టిపడడానికి వారం పైన పడుతుంది.

నైట్రోసెల్యులోజ్: త్వరగా ఆరుతుంది, నునుపుగా రుద్దవచ్చు. పొర పలచన కాబట్టి ఎక్కువ పూతలు కావాలి. స్ప్రేకే అనువైనది.

ఆక్రిలిక్: స్ప్రే డబ్బాల్లో ఎక్కువగా దొరికేది. వాడకం తేలిక. కొన్ని రకాలు ఆవిరి నూనెకు మెత్తబడతాయి కాబట్టి ముందు పనికిరాని ముక్కమీద పరీక్షించాలి.

రెండు డబ్బాల పాలియురెథేన్, ఎపాక్సీ: అన్నిటికన్నా గట్టివి. వేడినీ నూనెనూ తట్టుకుంటాయి. గట్టిపరిచే పదార్థంలో ఐసోసయనేట్లు ఉండే రకాలకు ప్రత్యేక రక్షణ తప్పనిసరి.

వేడిని తట్టే సిలికోన్ రంగు: రైలింజన్ పొగపెట్టె, పొగగొట్టం, పొయ్యి చుట్టూ ఉండే భాగాలకు.

వీటి కింద ప్రైమర్ ఉండాలి. ఇనుముకు రెడ్ ఆక్సైడ్ గానీ, జింక్ ఫాస్ఫేట్ గానీ సరిపోతుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం నునుపైన లోహాలు. మామూలు ప్రైమర్ వాటినుంచి పెచ్చులుగా లేస్తుంది. వీటికి ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ఎచ్ ప్రైమర్‌ను అతి పలచగా వేయాలి. దీన్ని పాలియెస్టర్ లప్పం మీద నేరుగా వేయకూడదు. ప్రైమరే తేమను ఆపుతుందనుకోవడం పొరపాటు. దానిపై రంగు పడేదాకా రక్షణ పూర్తి కాదు.

పొరల వరసకు ఒక నియమం ఉంది. నైట్రోసెల్యులోజ్ మీద ఎనామెల్ వేయవచ్చు. ఎనామెల్ మీద నైట్రోసెల్యులోజ్ వేస్తే దాని ఘాటు థిన్నర్ కింది పొరను ఉబ్బించి ముడతలు తెస్తుంది.

పని క్రమం

యంత్రాన్ని ముందు రంగు లేకుండానే పూర్తిగా బిగించి, గాలి పీడనంతో నడిపి చూడాలి. బిగుతులు, లీకులు, తప్పిన కొలతలు అప్పుడే బయటపడతాయి. రంగు వేశాక ఆకురాయి పట్టవలసి వస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత విప్పి, ఏ నట్టు ఎక్కడిదో, ఏ మూత ఏ దిక్కుకో రంగు కిందకు రాని చోట చిన్న గుర్తులు పెట్టుకోవాలి.

తర్వాతి పని నూనె తీయడం. థిన్నర్‌తో కడిగి, సబ్బు వేడినీటిలో బ్రష్షుతో రుద్ది, వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి. పోత ఇనుమును తడిగా వదిలితే కాసేపటికే ఎర్రటి తుప్పు పొడి తేలుతుంది. ఆపై ఒట్టి చేతితో ముట్టుకోకూడదు.

రంగు తగలకూడని ముఖాలను టేపుతో కప్పుతారు. బోల్టు రంధ్రాలలో పాత స్క్రూలు, పెద్ద రంధ్రాలలో చుట్టిన కాగితం పెడతారు. అతుక్కునే ముఖంపై రంగు మిగిలితే రెండు విధాల నష్టం. ఆవిరి లీకవుతుంది, ఆ మందం మేరకు సిలిండర్ వరస తప్పుతుంది.

స్ప్రే డబ్బాను భాగానికి సుమారు 20–25 సెంటీమీటర్ల దూరంలో, ఎయిర్‌బ్రష్‌ను 10–15 సెంటీమీటర్ల దూరంలో పట్టి, చేతిని ఆపకుండా నడపాలి. మీట నొక్కడం భాగానికి అవతలే మొదలై అవతలే ముగియాలి. ముందుగా మూలలు, ఆకుల సందులు, ఆ తర్వాత చదునైన ముఖాలు. ఒక మందపాటి పొరకన్నా మూడు పలచని పొరలు మేలు. చిన్న నమూనాలో మందపాటి రంగు రివెట్ల తలలను, అక్షరాల అంచులను మింగేస్తుంది. పొరల మధ్య 800 లేదా 1000 గరుకు వాటర్‌పేపరుతో తడిగా రుద్దితే ధూళి రేణువులు పోతాయి. టేపును రంగు పూర్తిగా గట్టిపడకముందే, వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. పూర్తిగా ఆరాక లాగితే అంచు చిరుగుతుంది.

ఎనామెల్ పూసిన భాగాలను 60–80 డిగ్రీల మధ్య కొన్ని గంటలు వెచ్చబెడితే త్వరగా గట్టిపడతాయి. వంటకు వాడే ఓవెన్‌ను ఇందుకు వాడకూడదు.

ఉదాహరణ: స్టువార్ట్ 10వి

స్టువార్ట్ 10వి కొత్తగా చేతిపని నేర్చుకునేవారిలో చాలామంది ఎంచుకునే నిలువు యంత్రం. సిలిండర్ లోపలి వ్యాసం, స్ట్రోక్ రెండూ ముప్పావు అంగుళమే, అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. పోత భాగాలు, గీసిన పటాలు కలిపి అమ్ముతారు. రంగు కొన్నవారి ఇష్టం.

దీని అడుగుపీట పైనా పక్కలా రంగు వేస్తారు. క్రాంక్ షాఫ్ట్ బేరింగులు కూర్చునే చోటు, స్తంభం పాదం ఆనే చోటు లోహంగానే ఉంచుతారు. స్తంభం బయట రంగు, లోపల క్రాస్‌హెడ్ జారే గుండ్రటి దారి లోహం. ఆ దారిలో రంగు తుంపర పడినా యంత్రం బిగుస్తుంది. సిలిండర్ పక్కలకు రంగు, పై మూతకు మెరుగు. ఆవిరి పెట్టె నాలుగు అంచులకు రంగు, రెండు ముఖాలూ లోహం. ఫ్లైవీల్‌లో ఆకులకు, నడిమి కుండ చుట్టూ రంగు, బెల్టు నడిచే అంచుకు సన్న మెరుగు. ఫ్లైవీల్‌కు రంగు వేసి బాగా గట్టిపడ్డాక దాన్ని లేత్‌పై తిప్పుతూ అంచు మీద పడిన రంగును చివరి సన్నని కోతతో తీసేస్తే రంగుకూ లోహానికీ మధ్య గీత కచ్చితంగా వస్తుంది. టేపుతో అంత నిక్కచ్చి అంచు దొరకదు. పిస్టన్ రాడ్, వాల్వు రాడ్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్ షాఫ్ట్ లోహంగానే మెరవాలి, వాటిపై ఎప్పుడూ నూనె ఉండాలి.

బాయిలర్, సిలిండర్ తొడుగులు

వాతావరణ పీడనం మీద చదరపు అంగుళానికి మరో 80 పౌండ్ల పీడనంతో పనిచేసే బాయిలర్‌లో నీరు సుమారు 162 డిగ్రీల వేడిలో ఉంటుంది. వేడి వృథా కాకుండా బాయిలర్‌కూ సిలిండర్‌కూ చుట్టూ తొడుగు వేస్తారు. స్థిర యంత్రాల సిలిండర్లకు టేకు లేదా మహాగని బద్దలు పక్కపక్కన పేర్చి, ఇత్తడి పట్టీలతో బిగించేవారు. నమూనాలోనూ ఇదే చేస్తారు. బద్దలకు నూనె పట్టించడం, వార్నిష్ వేయడం వాడుక. రైలింజన్ బాయిలర్ తొడుగు సన్నని రేకు. దానిమీదే రంగు ఉంటుంది కాబట్టి మంచి ఎనామెల్ ఆ వేడికి నిలుస్తుంది. తొడుగు లేని పొగపెట్టె సంగతి వేరు. దానికి మెరుపులేని నల్లటి సిలికోన్ రంగు వేయాలి.

రంగుల ఎంపిక

స్థిర యంత్రాలకు ముదురాకుపచ్చ, మెరూన్, నలుపు, బూడిద రంగులు చారిత్రకంగా నప్పుతాయి. రైలింజన్లకు మాత్రం ఏ కంపెనీ, ఏ కాలం అన్నది తేల్చుకోకుండా రంగు ఎంచకూడదు. మిడ్‌లాండ్ రైల్వే ఇంజన్లు క్రిమ్సన్ లేక్ అనే ముదురెరుపుకు ప్రసిద్ధి. 1938 జూలై 3న గంటకు 126 మైళ్ల వేగం అందుకున్న మల్లార్డ్ అనే ఇంజన్ నీలం. డార్జిలింగ్ పర్వత రైల్వే బి తరగతి ఇంజన్లు నేడు నీలంగా కనిపించినా, వేర్వేరు కాలాల్లో వేర్వేరు రంగులు ధరించాయి. ట్రాక్షన్ ఇంజన్లలో థెట్‌ఫర్డ్‌కు చెందిన బరెల్ సంస్థ తిరునాళ్ల ఇంజన్లు క్రిమ్సన్ లేక్ రంగుకు పేరుమోశాయి.

పేరునుబట్టి రంగును ఊహించడం ప్రమాదం. లండన్–బ్రైటన్ రైల్వేలో విలియం స్ట్రౌడ్లీ వాడిన రంగు పేరు ‘మెరుగైన ఇంజన్ ఆకుపచ్చ’. చూడడానికి అది బంగారు పసుపు. అందువల్ల మ్యూజియంలో మిగిలిన ఇంజన్, ఆనాటి రంగు పలకలు పాత పుస్తకాల పేర్లకన్నా నమ్మదగిన ఆధారాలు.

నమూనా చిన్నదయ్యేకొద్దీ అదే రంగు మరింత గాఢంగా, అదే మెరుపు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే కొందరు రంగులో కొద్దిగా తెలుపు కలుపుతారు, నిండు మెరుపుకు బదులు సగం మెరుపు ఎంచుకుంటారు. దీనిపై ఏకాభిప్రాయం లేదు. పెద్ద కొలత నమూనాల్లో నిండు మెరుపే నిజానికి దగ్గర అని వాదించేవారూ ఉన్నారు.

గీతలు, అక్షరాలు

రంగు పలకల అంచుల వెంట సన్నని గీతలు గీయడం ఈ పనిలో అన్నిటికన్నా ఓర్పు కోరేది. నిజమైన ఇంజన్‌పై 6 మిల్లీమీటర్ల గీత, మూడున్నర అంగుళాల పట్టాలపై నడిచే పదహారో వంతు నమూనాలో 0.4 మిల్లీమీటరుకన్నా సన్నబడుతుంది. దీనికి పాత డ్రాయింగ్ పెట్టెల్లోని రూలింగ్ పెన్ను మంచి సాధనం. దాని రెండు ఉక్కు పెదవుల మధ్య ఎడాన్ని ఒక మరతో మారుస్తారు. పెన్నును రంగులో ముంచకూడదు. బ్రష్షుతో రంగును పెదవుల మధ్యకు అందించి, బయటివైపు తుడవాలి. లేకుంటే రంగు స్కేలు కిందికి పాకుతుంది. రంగు చిక్కనైతే గీత తెగుతుంది, పలచనైతే పారుతుంది. అందుకే ముందు గాజుపలకపై గీసి చూసి, గీత రెండంచులూ సమంగా తేలిన చిక్కదనం దగ్గర ఆగుతారు.

మూలల వంపులను వృత్తలేఖినికి అమర్చిన పెన్నుతో ముందు గీసి, తర్వాత తిన్నని గీతలను వాటికి కలుపుతారు. తిన్నని గీతను వంపు చివరకు సరిపెట్టడం తేలిక, వంపును గీతకు సరిపెట్టడం కష్టం. కింది రంగు బాగా గట్టిపడి, గీత రంగుకు వేరే థిన్నర్ వాడేదైతే, తప్పిన గీతను టర్పెంటైన్ తాకించిన దూదిపుల్లతో తుడిచి మళ్లీ గీయవచ్చు. అక్షరాలకు, కంపెనీ చిహ్నాలకు నీటిలో నానబెట్టి అతికించే డెకాల్స్ వాడతారు. వాటిమీద పలచని వార్నిష్ వేస్తే నూనె చేతులకు చెరగవు.

లోపాలు, కారణాలు

రంగు కారడం: ఒకేచోట ఎక్కువ వేయడం వల్ల. నారింజ తొక్కలాంటి ఉపరితలం: రంగు చిక్కదనం, గాలి పీడనం, దూరం కుదరకపోవడం వల్ల. చేపకళ్లలాంటి గుంటలు: ఉపరితలంపై నూనె, సిలికోన్ జాడల వల్ల. తెల్లటి మసక: థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిచి గాలిలోని తేమను దించడం వల్ల. నైట్రోసెల్యులోజ్‌లో ఇది ఎక్కువ. కోస్తా జిల్లాల్లో వానాకాలపు సాయంత్రాలు ఈ పనికి అనుకూలం కావు. తేమ తక్కువైన మధ్యాహ్నం వేయడం, ఆలస్యంగా ఆవిరయ్యే థిన్నర్ వాడడం పరిష్కారాలు.

భద్రత

ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. థిన్నర్ ఆవిర్లు మండేవి కాబట్టి గాలి ఆడే చోట, మంటకు దూరంగా పనిచేయాలి. ఐసోసయనేట్ రంగుల స్ప్రేకు బయటినుంచి గాలి అందించే ముసుగు కావాలి, మామూలు గుడ్డ ముసుగు చాలదు. పాత నమూనాల రంగులో సీసం, తొడుగుల్లోనూ గ్లాండ్లలో చుట్టిన తాళ్లలోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. వాటిని పొడిగా గీకకూడదు. భారతదేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం మిలియన్ భాగాలకు 90 భాగాలు మించకూడదనే నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది.

ప్రాధాన్యం

తుదిమెరుగుకు మూడు ప్రయోజనాలు. మొదటిది రక్షణ: ఆవిరి, నీరు, నూనె కలిసే యంత్రంలో పూత లేని ఇనుము నిలవదు. రెండోది చరిత్ర: మాయమైన యంత్రం ఎలా కనిపించేదో చూపే సాక్ష్యంగా నమూనా నిలుస్తుంది. మూడోది చేతిపని విలువ. రంగు అనేది పనిలోని లోపాన్ని కప్పిపుచ్చదు. మెరుపు కింద ఆకురాయి గీత, పూడ్చని గుంట ఇంకా స్పష్టంగా తేలతాయి. అందువల్ల రంగు బాగుందంటే దాని కింది లోహపు పని బాగున్నట్టే.

సంరక్షణ

నడిపిన ప్రతిసారీ సిలిండర్‌లోని నీటిని వదిలి, వేడి తగ్గకముందే నూనె పట్టించి, మెరుగు భాగాలను తుడవాలి. ప్రదర్శనకే ఉంచినవాటికి సన్నని మైనం పూత మేలు. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన సూక్ష్మస్ఫటిక మైనాన్ని సంరక్షకులు ఇందుకు వాడతారు.

పాత నమూనా చేతికొస్తే ముందుగా ఫొటోలు తీసి, రంగు పొరలను, గీతల కొలతలను నమోదు చేయాలి. మురికిని మెత్తని సబ్బునీటితో తుడవడం, ఊడుతున్న రంగును నిలబెట్టడం సాధారణంగా చాలు. చెక్కుకుపోయిన చోట రంగు సరిపోల్చి దిద్దవచ్చు. మొత్తం గీకి కొత్తగా వేస్తే యంత్రం మెరుస్తుంది గానీ, చేసిన మనిషి చేతి గుర్తు పోతుంది. ఒకసారి తీసేసిన అసలు పూతను తిరిగి తెచ్చే పద్ధతి ఏదీ లేదు.